పిక్కలకి పిక్కలు

మొన్న మా వంటింట్లో పొయ్యి మీద ఒకటి పేలింది. గ్యాసు కాదు, కంగారు పడకండి. మా మనవరాలు లలిత కాశ్మీరు చూసి వస్తూ తెచ్చిన కాయ. చెస్ట్‌నట్ అంటారట. ముదురు గోధుమరంగు పెంకు, నూనె రాసినట్టు నిగనిగ, ఒక వైపు బల్లపరుపు, ఇంకో వైపు బొద్దు. భోంచేసి వెల్లకిలా పడుకున్న షావుకారు పొట్టలా ఉంది. పెనం వేడెక్కగానే లలిత వాటిని ఉన్నవున్నట్టు దాని మీద పోసేసింది. కాసేపటికి ఒకటి ఠాప్‌మని ఎగిరి, గుమ్మం దాటి, హాల్లో గోడకున్న మా ఆయన ఫోటోకి తగిలింది. ఆయన ఏమీ అనలేదు. బతికున్నప్పుడు కూడా వంటింటి గొడవల్లో ఆయన నోరు పెట్టేవారు కాదు.

పిల్ల భయపడి పొయ్యి కట్టేసింది. నేను ఆ పేలిన ముక్కని వెతికి తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాను. కాలిన పిండి వాసన, దాని వెనక సన్నటి తీపి, ఇంకా వెనక తడి మట్టి. కాశ్మీరు నేనెప్పుడూ చూడలేదు, ఆ చెట్టు ఎలా ఉంటుందో నాకు తెలియదు, కానీ ఆ వాసన తెలుసు. వానాకాలం రాయగడ బజారు వాసన అది. పనస పిక్కలు ఇసకలో వేగే వాసన. లలిత ఫోను చూసి చదువుతోంది. ఇందులో కొవ్వు తక్కువట, పిండి ఎక్కువట, పీచు ఉందట, నిమ్మకాయలో ఉండే విటమిన్ కూడా ఉందట, కడుపు చాలాసేపు నిండుగా ఉంటుందట. 'రక్తానికి కూడా మంచిదట నానమ్మా, ఇక నా మాత్రలు అక్కర్లేదేమో' అంది నవ్వుతూ. రక్తం తక్కువుందని డాక్టరు దానికి మాత్రలు రాసింది. పెంకుకి ముందు గాటు పెట్టాలని అందులో లేదా అని అడిగాను. ఉందిట, ఇంకా అంత కిందికి వెళ్ళలేదట. నేను చాకు అందుకున్నాను.

గాటు పెట్టడం నాకు నేర్పింది మంగమ్మ పిన్ని. ఆవిడ నాకు సొంత పిన్ని కాదు. మా అమ్మ పుట్టిన పల్లే ఆవిడ పుట్టిన పల్లే ఒకటి, పార్వతీపురం పక్కన. ఆ ఒక్క దారం పట్టుకుని, పెళ్ళయి రాయగడ వచ్చిన కొత్తలోనే నేను ఆవిడని పిన్నీ అని పిలిచేశాను. ఎవరో ఒకరు ఉండాలి కదా. నేను బడి మానేసింది నాలుగో తరగతిలో. పంతులుగారు ఎక్కం అప్పజెప్పమంటే నేను పంతులుగారి నడక నడిచి చూపించేదాన్ని. తరగతికి నవ్వొచ్చేది, నాకు ఎక్కం రాలేదు. ఈ గుంట నోటికి బడి సాలదని మా నాయన నన్ను పశువుల వెనక పంపేశాడు. పశువులకి ఎన్ని కబుర్లు చెప్పినా నవ్వవు. ఆ లోటంతా పెళ్ళయ్యాక తీర్చుకుందామనుకుంటే, అత్తవారింట్లో కోడలి నవ్వు గడప దాటి వినబడకూడదని మా అత్తగారి చట్టం. మా ఆయన రైల్వే గూడ్సు షెడ్డులో కలాసీ. పగలంతా బస్తాలతో ఉండే మనిషి, ఇంటికొచ్చాక కూడా బస్తాలాగే ఉండేవారు. నోరు కట్టుకుని ఉండడం వల్ల తిండి కూడా సరిగా దిగక, వచ్చిన కొన్నాళ్ళకే నేను చిక్కిపోయాను.

మా పక్కిల్లే మంగమ్మ పిన్నిది. వీధి అరుగు మీద మట్టి పొయ్యి, దాని మీద గోలెమంత ఇనప మూకుడు, అందులో నాగావళి ఇసక. శనగలు, బఠాణీలు, వేరుశనగ పిక్కలు, వానలు పట్టాక పనస పిక్కలు ఆ ఇసకలో వేయించి, జల్లెడ పట్టి, అడ్డాకు పొట్లాల్లో అమ్మేది. పొడుగు మనిషి, మోచేతుల దాకా వేడికి నల్లబడిన చేతులు. వయసులో ఉండగా మొగుడూ తనూ ఉప్పూ ఎండు చేపలూ కావడి వేసుకుని లమ్తపుట్ దాకా కొండదారిన నడిచి అమ్మేవారట. ఆ మనిషి పోయాక కొండలు వదిలి బజారులో పొయ్యి పెట్టుకుంది. అప్పటికి రాయగడ మద్రాసు కిందే ఉండేది. తర్వాత, నేను కాపురానికి రాకముందే, ఒరిస్సా అని కొత్త రాష్ట్రం పుట్టి ఆ ఊరిని తీసుకుంది. 'రాజ్జేలు మారేయి గానీ నా మూకుడు కదలనేదు' అనేది ఆవిడ. మూకుడు కదల్లేదు కానీ కచేరీలోనూ ఆస్పత్రిలోనూ తెలుగు మెల్లగా వెనక బెంచీకి వెళ్ళి, ఒరియా ముందు బెంచీలో కూర్చుంది. ఈ సంగతి కాస్త గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది.

ఒక మధ్యాహ్నం మా అత్తగారు శనగలు తెమ్మని నన్ను ఆవిడ దగ్గరికి పంపింది. పిన్ని నా మొహం చూసి, శనగల మాట పక్కన పెట్టి, ఒక చాకూ పనస పిక్కల బుట్టా నా ముందుకు తోసింది. ప్రతి పిక్కకీ ఒక చిన్న గాటు పెట్టమంది. ఎందుకని అడిగితే, గాటు లేకపోతే లోపలి ఆవిరికి దారి లేక పిక్క పేలిపోతుందని, పేలితే ఇసక కళ్ళలో పడుతుందని చెప్పింది. నేను తల వంచుకుని గాట్లు పెడుతున్నాను. కాసేపు చూసి అంది:

"నువ్వూ అలాగే ఉన్నావమ్మి. ఏదోటి అను. నేకపోతే పేలిపోతావు."

ఇన్నాళ్ళూ మింగినవన్నీ గొంతులోకి వచ్చాయి. వాటిలో అన్నింటికన్నా పైన ఉన్నది బయటపడింది. "మా అత్త గురక బండి రోజూ రాయగడలో ఆగకుండా పార్వతీపురం ఎల్లిపోతంది పిన్నీ" అన్నాను. ఆవిడ నవ్విన నవ్వుకి జల్లెడలోని శనగలు సగం వీధిలో పడ్డాయి. ఆ సాయంత్రమే ఆవిడ మా అత్తగారితో మాట్లాడి, మధ్యాహ్నాలు నన్ను తన అరుగు మీదికి తెచ్చుకుంది. ఎలా ఒప్పించిందో నాకు తెలియదు. అప్పట్నుంచి వేయించిన శనగల పొట్లాలు మా ఇంటికి నడిచి వెళ్ళడం మాత్రం చూశాను.

ఆ అరుగే నా రెండో బడి. పనస పిక్కలు టికిరి సంత నుంచి వచ్చేవి. కొండల మీంచి ఆడవాళ్ళు పండు తినేసి, పిక్కలు కడిగి ఆరబెట్టి తట్టల్లో తెచ్చేవారు. వాళ్ళు వాటిని మంజి అనేవారు. మేం వాటికి ఎర్రమట్టి పట్టించి కుండల్లో దాస్తే వానలన్నీ దాటేదాకా ఉండేవి. అసలు ఆకలి రోజులు కూడా అవే కదా. పాత ధాన్యం అయిపోయి కొత్తది ఇంకా పొట్ట మీద ఉండే రోజులు. ఏ పిక్కలో ఏముందో పిన్ని తన లెక్కలో చెప్పేది. "వేరుశనగ పిక్కలో నూనుంతాది, జీడిపిక్కలో గొప్పుంతాది, పనస పిక్కలో అన్నం ఉంతాది" అని. పైనున్న తెల్ల పెంకు తీసేయాలి కానీ లోపలి ఎర్ర పొట్టు గీకకూడదనేది. పచ్చివి తినకూడదనేది. ఒక గుప్పెడు తింటే పూట గడుస్తుందని, రెండు గుప్పెళ్ళు తిని బస్సెక్కితే పక్కవాడికి గడవదని అనేది. అందుకే పొట్లంలో నాలుగు వాము గింజలు వేసేది. పిక్కలు తిని పడుకుంటే చచ్చిపోయినవాళ్ళు కలలోకి వస్తారని కూడా అనేది. ఆవిడ చెప్పిన వాటిలో చాలావరకు నిజం, కొన్ని మాత్రం వేడి ఇసకలోంచి పుట్టినవి.

ఇక ఆవిడ కేక. మా వైపు గింజనీ పిక్కే అంటాం, మోకాలి వెనక కింద ఉండే కండనీ పిక్కే అంటాం. పిన్ని లేచి నిలబడి, చీర కుచ్చెళ్ళు జానెడు పైకెత్తి, కొండలెక్కి రాయిలా గట్టిపడిన తన పిక్క మీద చరిచి, "పిక్కలకి పిక్కలు బావూ, పిక్కలకి పిక్కలు! ఇవి తింతే అవి గట్టిపడతాయి" అని అరిచేది. స్టేషను కూలీలు, బండివాళ్ళు, కావిళ్ళవాళ్ళు పగలబడి నవ్వి పొట్లాలు కొనుక్కునేవారు. మంజి తెచ్చిన ఆడవాళ్ళు మాత్రం ఏమీ అర్థంకాక మా మొహాలు చూసేవారు. వాళ్ళ మాటల్లో గింజకీ కాలికీ చుట్టరికం లేదు. ఆ కేక నాకు ఎంత ఇష్టమంటే, ఆవిడ లేనప్పుడు దొంగతనంగా మా దొడ్లో అరిచి చూసుకునేదాన్ని.

ఆ ఏడు వానలు ముందే పట్టాయి. మా వీధి చివరి గదిలోకి గుణుపూర్ వైపు నుంచి ఒక రైతు కుటుంబం అద్దెకి దిగింది. గౌరి అని నా ఈడు అమ్మాయి, ఆమె అత్త పోలమ్మ, గౌరి కూతురు సిట్టి. గౌరి మొగుడు పొలం వదలలేక ఊళ్ళోనే ఉండిపోయాడు. సిట్టికి మూడేళ్ళు నిండాయి. చలికాలంలో దీర్ఘ జ్వరం పట్టి, అది పోతూ పోతూ పిల్ల నడకని కూడా తీసుకుపోయింది. అంతకుముందు కోడిపిల్లల వెనక పరిగెత్తిన పిల్ల, ఇప్పుడు నిలబెడితే గుడ్డ బొమ్మలా కూలబడిపోతుంది. ఆస్పత్రిలో చూపించడానికే వాళ్ళు రాయగడ వచ్చారు. డాక్టరు మందిచ్చి, మళ్ళీ రమ్మని పంపాడు. వీధిలో అందరికీ తెలిసిన సంగతేమిటంటే, ఆ పిల్లకి పోలమ్మ కాపలా. వార్చిన గంజిలో ఉప్పు రాయి వేసి పట్టడం తప్ప ఇంకేమీ ఇవ్వనిచ్చేది కాదు. పప్పు వాతం, గుడ్డు వేడి, పాలు కఫం, ఆకుకూర చలవ అనేది. ఇక మిగిలింది గాలి. అది మాత్రం పోలమ్మ ధారాళంగా పట్టనిచ్చేది.

ముసలమ్మని ఆడిపోసుకోవడం మాకు తేలికే అయింది. ఆవిడ కూడా ఆ పిల్లతో పాటు గంజే తాగుతోందని తర్వాత తెలిసింది.

గౌరి రోజూ నీళ్ళకి మా అరుగు ముందునుంచే వెళ్ళేది. ఒక రోజు ఆగి, వెనక్కి చూసి, పనస పిక్కలు కొంగున కట్టించుకుపోయింది. మర్నాడూ వచ్చింది, ఆ మర్నాడూ వచ్చింది. తనకి ఆకలేమో అనుకున్నాం. ఒక మధ్యాహ్నం, పోలమ్మ నిద్రపోయిన వేళ, పిల్లని చంకనెత్తుకుని వచ్చింది. సిట్టిని అరుగు మీద కూర్చోబెట్టి, దాని కాళ్ళు పిన్ని వైపు చాపి, పుల్లల్లాంటి ఆ పిక్కల్ని వేళ్ళతో నొక్కి చూపించింది. పిల్ల పొట్ట మాత్రం డోలులా ఉబ్బి ఉంది.

"ఇంకా ఎన్ని పెడితే గట్టిపడతాయి పిన్నీ?"

పిన్నికి అర్థం కాలేదు. ఏటి గట్టిపడాలని అడిగింది. పిక్కలు అంది గౌరి. నువ్వే కదా రోజూ సెప్తన్నావు, ఇవి తింతే అవి గట్టిపడతాయని, అంది. ఇంకా చెప్పుకుపోయింది. అత్తకి తెలియకుండా వేయించిన పిక్కలు నమిలి పిల్ల నోట్లో పెడుతోందట. గంజి పారబోస్తోందట. పిక్కలుండగా ఇంకెందుకని ఆస్పత్రి మందు కూడా మానేసిందట.

నాకు నవ్వు వచ్చేసేదే. మాట మీద మాట కూర్చోవడం చూస్తే నా ఒళ్ళు ఆగదు. కానీ పిన్ని మొహం చూసి ఆ నవ్వు లోపలే ఆగిపోయింది. ఆవిడ వేగుతున్న వాయిని మధ్యలో ఆపి మూకుడు దింపేసింది. ఆ పని ఆవిడ చేయడం అంతకుముందు నేను చూడలేదు.

"గౌరమ్మా, ఆ మాట నాను నవ్వులాటకి అన్నాను. ఈ పిక్కకీ ఆ పిక్కకీ పేరొక్కటే. సుట్టరికం నేదు."

గౌరి ఏడవలేదు, తిట్టలేదు. "నాను నమ్మేను" అంది. అంతే. పిల్లని ఎత్తుకోబోయింది.

ఆ ఒక్క నిమిషం గురించి నేను చాలాసార్లు ఆలోచించాను. పిన్ని కావాలంటే ఊరుకోవచ్చు. ఎలాగో ఒకలా పిల్ల కడుపులో ఏదో పడుతోంది కదా అనుకోవచ్చు. నిజం చెప్పాక అయినా, చెప్పేశాను కదా అని మళ్ళీ మూకుడు ఎక్కించుకోవచ్చు. గౌరి అక్కణ్ణించి తిన్నగా వెళ్ళేది పోలమ్మ గంజి దగ్గరికే. ఆ పిల్లకి ఉన్నవి ఆ రెండు దారులే. పిన్ని గౌరి చెయ్యి పట్టుకుని ఆపింది. ఏదో పట్టుబడినట్టు కళ్ళు చిన్నవి చేసుకుంది. "నా మాట నువ్విలా ఇన్నావు. మరి డాట్టరుబాబు మాట మీ అత్త ఎలా ఇందో?" అంది.

ఆయన ఏమన్నాడో చెప్పమంది. మంచి పథ్యం చేయించమన్నాడని గౌరి చెప్పింది. తెలుగులో అన్నాడా అని అడిగింది పిన్ని. లేదట, ఆయన ఒరియాలోనే అన్నాడట. అందులో ఒక్క పథ్యం అన్న మాటే వాళ్ళకి బాగా తెలిసిన మాటట. దాన్నే గట్టిగా పట్టుకున్నారట.

మర్నాడు పొద్దున్న ఆస్పత్రికి మా ఊరేగింపు చూడాల్సింది. ముందు పిన్ని, వెనక సణుక్కుంటూ పోలమ్మ, ఆ వెనక గౌరి, చివర సిట్టిని ఎత్తుకుని నేను. పొయ్యి ఆరిన అరుగు చూసి వీధివాళ్ళు ఎవరు పోయారని అడిగారు. డాక్టరు కటక్ వైపు కుర్రాయన, సన్నగా, ఓపిగ్గా ఉండేవాడు. పిల్ల పొట్ట నొక్కి చూసి, ఏం పెడుతున్నారని అడిగాడు. పిన్నికి సంత ఒరియా బాగా వచ్చు. ఆవిడ అడగ్గానే పోలమ్మ గర్వంగా తన కట్టడి అంతా ఒక్కొక్కటే చెప్పింది. పప్పు ముట్టనివ్వలేదు, గుడ్డు చూపించలేదు, పాలు వాసన కూడా చూడనివ్వలేదు. పిన్ని అదంతా ఒరియాలోకి మార్చి చెప్పేసరికి ఆయన చేతిలో కలం బల్ల మీద పెట్టేశాడు. "భొలొ పొథ్యొ దియొ బోలి కొహిథిలి" అన్నాడు. మంచి పథ్యం ఇవ్వమనే కదా చెప్పాను అని.

పొథ్యొ అంటే ఏమిటని పిన్ని అడిగింది. అలా అడిగినవాళ్ళు ఆయనకి అంతకుముందు ఎవరూ తగల్లేదేమో, కొంచెం తబ్బిబ్బయ్యాడు. జబ్బుపడి లేచిన మనిషికి బలం రావడానికి పెట్టే తిండి, అన్నం, పప్పు, గుడ్డు, పాలు, ఆకుకూర అని చెప్పాడు. జ్వరం తగ్గాక పెట్టే మొదటి ముద్దని కూడా వాళ్ళ ఇళ్ళల్లో అలాగే అంటారట. పిన్ని పోలమ్మ వైపు తిరిగింది.

"పోలమ్మప్పా, మనకి పథ్యమంతే నోరు కట్టడం. ఆళ్ళకి పథ్యమంతే నోట్లో పెట్టడం."

పోలమ్మకి అది తలకెక్కడానికి కొంత సేపు పట్టింది. ఎక్కాక అక్కడే నేల మీద కూర్చుండిపోయింది. సిట్టి కన్నా ముందు ఒక మనవడు ఉండేవాడట. జబ్బు నుంచి లేస్తూ, ఎవరో పెట్టింది తిని, మళ్ళీ పడి, లేవలేదట. "అందుకే దీనికి ఎవుళూ పెట్టకుండా సూసుకున్నాను" అంది. ఆ మాటని పిన్ని డాక్టరుకి మార్చి చెప్పలేదు.

పిన్ని తన కొంగులోని పనస పిక్కలు తీసి బల్ల మీద పెట్టి, ఇవి పెట్టొచ్చా అని అడిగింది. ఆయన ఒకటి తీసుకుని నవ్వాడు. చిన్నప్పుడు వానల్లో నిప్పుల మీద కాల్చుకుని తిన్నవాడేనట. వేయించినవి కాకుండా మెత్తగా ఉడకబెట్టి, మెదిపి, కొంచెం కొంచెంగా పెట్టమన్నాడు. అన్నంలో ఉండే బలం ఇందులో ఉంది, పప్పులో ఉండేది కూడా కాస్త ఉంది, అయితే ఇది పది వాటిలో ఒకటి కావాలి కానీ ఇదొక్కటే కాకూడదన్నాడు. మందు ఆపొద్దన్నాడు. మరి కాళ్ళకి అని గౌరి అడిగింది. రోజూ నూనె రాసి, పొద్దుటి ఎండలో పట్టుకుని నిలబెట్టమన్నాడు. ఎంత వస్తే అంత, మాట మాత్రం ఇవ్వలేనన్నాడు. అంతా అయ్యాక, గుమ్మం దాటకముందే, పిన్ని పోలమ్మని ఆపింది. "ఏటిన్నావో సెప్పప్పా" అంది. ముసలమ్మ చెప్పింది. గుడ్డు దగ్గర తడబడితే మళ్ళీ చెప్పించింది. గౌరి చేత కూడా చెప్పించింది. సిట్టికి మాటలు సరిగా వచ్చి ఉంటే దాని చేత కూడా చెప్పించేదే.

ఆ తర్వాత పోలమ్మని చూడాలి. ఎంత పట్టుదలగా నోరు కట్టిందో అంత పట్టుదలగా నోరు తెరిపించడం మొదలుపెట్టింది. ఉడికిన పనస పిక్కల ముద్దలో బెల్లం, పప్పులో తోటకూర, ఎక్కణ్ణించో తెచ్చిన నాటుకోడి గుడ్డు. పిల్ల మొహం తిప్పుకుంటే వీధి పొడుగునా వెంటపడేది. అప్పుడు గంజికి కాపలా, ఇప్పుడు గిన్నెకి కాపలా, నీకు కాపలా ఉద్యోగం తప్పనేదు మామ్మా అనేదాన్ని. తిట్టేది, నాక్కూడా ఒక ముద్ద పెట్టేది. వానలు వెనకబట్టే వేళకి సిట్టి మా అరుగు అంచు పట్టుకుని నిలబడింది. వేడి మూకుడు దగ్గరికి రాకుండా నేను చేతులు చాపి అడ్డం కూర్చుంటే, ఒక రోజు అరుగు వదిలేసి, తూలుతూ వచ్చి నా ఒళ్ళో పడింది. గౌరి అక్కడ లేదు, నీళ్ళకి వెళ్ళింది. పోలమ్మ చూసింది. చూసి, గోడకి తిరిగి నిలబడింది. పిన్ని మాత్రం తలెత్తకుండా శనగలు తిప్పుతూనే ఉంది. ఆ వాయి మాడిపోయింది. ఒక కాలు మాత్రం పూర్తిగా రాలేదు. కొంచెం లోపలికి తిరిగి, ఈడ్చినట్టే ఉండిపోయింది.

సిట్టి నడిచింది కాబట్టి పిన్ని మళ్ళీ ఆ కేక వేస్తుందని నేను ఆశపడ్డాను. వేయలేదు. స్టేషను కూలీలు ఏమైందని అడిగితే, "ఆ మాట అమ్ముడైపోయింది బావూ" అనేది. నేను వేరే కేకలు కట్టి ఇచ్చాను. వాటిని వేయనిచ్చేది, తను నవ్వేది కూడా, కానీ పొట్లం చేతికిచ్చేటప్పుడు కొత్త అలవాటు ఒకటి పట్టుకుంది. చంటిపిల్లల తల్లి ఎవరైనా వస్తే, ఎలా ఉడకబెట్టాలో ఎంత పెట్టాలో చెప్పి, ఏటిన్నావో సెప్పమ్మా అని అడిగేది. కొందరికి కోపం వచ్చేది. నేనూ వేళాకోళం చేశాను, పొట్లం కొనడానికి పరీక్ష పాసవ్వాలేటి పిన్నీ అని. ఆవిడ నా వైపు చూసి చెప్పిన మాట ఇది:

"నవ్వించొద్దు అననేదమ్మి. నవ్వించు. నవ్వించీసి, ఏటిన్నారో అడుగు."

బడిలో నాలుగేళ్ళు కూర్చున్నా నాకు అంటని చదువు ఆ ఒక్క మాటలో అంటింది. నేను అప్పటిదాకా మాట విసిరి, నవ్వు రాగానే నా పని అయిపోయిందనుకునేదాన్ని. అది ఎవరి ఇంట్లోకి వెళ్ళిందో, అక్కడ ఏ కుండలో పడి ఉడికిందో నాకేం పని? మా అత్తగారి మీద వేసిన గురక జోకు కూడా వీధి తిరిగి ఆవిడ చెవికే చేరిందని, ఆవిడ దాని గురించి నాతో ఎప్పుడూ అనకుండా, పడుకునే చోటు మాత్రం వెనక వసారాకి మార్చుకుందని పిన్ని చెబితేనే నాకు తెలిసింది. ఆ రాత్రే అత్తగారి మంచం మళ్ళీ లోపలికి తెచ్చి వేశాను. మా ఇద్దరికీ మాటలు కలిసింది ఆ తర్వాతే.

కొన్నేళ్ళకి జేకేపూర్ దగ్గర కాగితాల మిల్లు కట్టడం మొదలైంది. ఎక్కడెక్కడి జనమో దిగారు. మేం అక్కడ రేకుల నీడలో ఇంకో మూకుడు పెట్టాం. పిన్ని చేతులు అప్పటికి వణుకుతున్నాయి. ఆవిడ పీట మీద కూర్చుని పొట్లాలు కడితే నేను ఇసక తిప్పేదాన్ని. బంగాళీ, హిందీ, ఒరియా, తెలుగు, కొండవాళ్ళ కువి, అన్నీ ఆ రేకు కింద కలిసేవి. ఒకరన్న మాట ఇంకొకరికి ఇంకోలా వినబడని రోజు ఉండేది కాదు. ఏటిన్నావో సెప్పు అన్నది ఆవిడకి అప్పుడు నాలుగు భాషల్లో వచ్చు.

ఒక రోజు పని వదిలిన వేళ జనం మూగి ఉండగా, గుణుపూర్ బస్సు దిగి ఒక పిల్ల కూరగాయల గంపతో వచ్చింది. పదేళ్ళు దాటిన పిల్ల. నడకలో ఒక అడుగు కొంచెం వెనకబడుతోంది. దాని వెనక గౌరి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని. పిల్ల గంప దింపి, మా ముందు నిలబడి, లంగా అంచు జానెడు ఎత్తి, పిక్క మీద చరిచింది.

"పిక్కలకి పిక్కలు మామ్మా! ఇవి తిన్నాను, అవి వొచ్చేయి. ఒకటి సగమే వొచ్చింది. తక్కినది ఇప్పుడియ్యి."

జనంలో తెలుగు తెలిసినవాళ్ళు నవ్వారు, తెలియనివాళ్ళు వాళ్ళని చూసి నవ్వారు. నేను పిన్ని మొహం చూశాను. ఆవిడ ముందు గౌరిని చూసింది. గౌరి నవ్వుతోంది. అప్పుడు పిన్ని నవ్వింది, మొదటిసారి నా గురక జోకుకి నవ్విన నవ్వు, జల్లెడ జారిపోయే నవ్వు. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుని, పెద్ద పొట్లం ఒకటి కట్టి సిట్టి చేతికిచ్చింది. "ఆ మాట నీదే. నువ్వే అరుసుకో" అంది. ఆ తర్వాత సిట్టి వచ్చిన ప్రతిసారీ ఆ కేక వినబడేది. అది రాని రోజు మా మూకుడుకి ఆ కేక లేదు.

కొన్ని వానలు గడిచాక పిన్ని పోయింది. మూకుడు నాకు మిగిలింది. చేతులు సాగినన్నాళ్ళు తిప్పాను, తర్వాత కొడుకు ఇంటికి వచ్చేశాను. నోటి దురుసు మాత్రం ఎక్కడికి వెళ్తే అక్కడికి వచ్చింది.

లలిత తెచ్చిన కాయలకి నేను ఒక్కొక్కదానికీ గాటు పెట్టాను. ఈసారి ఏదీ పేలలేదు. పెంకు విచ్చుకుని, లోపలి పసుపు గింజ ఆవిరి వదులుతూ బయటపడింది. ఒకటి నోట్లో వేసుకున్నాను. పనస పిక్క కన్నా తీపి, కొంచెం మెత్తన. పిన్ని ఉంటే ఇందులో కూడా అన్నమే ఉందనేది. లలిత నా పక్కన కూర్చుని, నిజంగా ఇవి దేనికి మంచివి నానమ్మా అంది. ఒక నవ్వులాట మాట నాలుక చివరిదాకా వచ్చింది. అన్నాను, పిల్ల నవ్వింది. తర్వాత చెప్పాను. కడుపుకి మంచివి. పచ్చివి తినకు, ఒక్కసారే ఎక్కువ తినకు, పప్పూ ఆకుకూరా గుడ్డూ మానకు, డాక్టరు ఇచ్చిన మాత్రలు అసలు మానకు.

సరే నానమ్మా అంది.

"సరే కాదు. ఏటిన్నావో సెప్పు."

లలిత నోట్లో ముక్కని ఒక బుగ్గకి నెట్టి, నా మొహం వంక చూసి, వేళ్ళు మడుస్తూ అప్పజెప్పింది. ఒకటి తప్పింది. మళ్ళీ మొదటి నుంచి చెప్పాను.